పెద్ద కాగితపు శిల్పాలకు షీట్లు కొనాలా, గుజ్జు దంచుకోవాలా? పీటర్ గెంటెనార్ పని ఆధారంగా సమాధానం

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఫ్రాన్స్‌లోని సాన్-రికియే మఠపు చర్చిలో, ఎత్తైన రాతి స్తంభాల మధ్య గాలిలో తేలుతున్నట్టు వేలాడే పీటర్ గెంటెనార్ కాగితపు శిల్పాల ఫొటోలు చూశారు. విశాఖపట్నంలో మీ ఫైన్ ఆర్ట్స్ కోర్సు చివరి ప్రదర్శనకు అలాంటి రూపాలను, ఒక్కొక్కటి మనిషి ఎత్తున, చేయాలనుకుంటున్నారు. జైపూర్ దగ్గరి సాంగానేర్ నుంచి మందమైన హ్యాండ్‌మేడ్ పేపర్ షీట్లు తెప్పించి, తడిపి, ఇనుప తీగల మీద వంచి ఆరబెడితే సరిపోతుందా, ఎన్ని జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కాగితం తీసుకోవాలి, సముద్రపు గాలికి అవి నిలుస్తాయా అన్నవి మీ ప్రశ్నలు.

మొదటిదానికి జవాబు: సరిపోదు. జీఎస్‌ఎం ఎంత పెంచినా సరిపోదు. గెంటెనార్ శిల్పాల్లో కాగితాన్ని ఎవరూ చేత్తో వంచలేదు, అది ఆరుతూ తనంతట తానే వంగింది. అలా వంగే గుణం ఆ కాగితానికి షీటుగా మారకముందే, గుజ్జు బీటర్ అనే దంచే యంత్రంలో తిరుగుతున్న గంటల్లోనే వచ్చింది. ఈ ఒక్క సంగతి స్పష్టమైతే మీ మిగతా ప్రశ్నలకు జవాబులు చాలావరకు దానంతట అవే తేలతాయి కాబట్టి, దీని మీదే ఎక్కువసేపు ఉంటాను. చేతి కాగితం తయారీలో, ముఖ్యంగా బీటర్ దగ్గర, చాలాకాలం పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను.

గెంటెనార్ 1946లో పుట్టిన డచ్ కళాకారుడు, మొదట ప్రింట్‌మేకర్. లోతైన ఉబ్బెత్తు గీతలతో చెక్కిన తన ప్లేట్ల అచ్చును దుకాణంలో దొరికే కాగితాలు పట్టుకోలేకపోవడంతో, తన కాగితం తానే చేసుకోవడం మొదలుపెట్టాడు. నెదర్లాండ్స్‌లోని ఒక పెద్ద కాగితపు కర్మాగారం సాయంతో సొంత తయారీ ఏర్పాటు చేసుకున్నాడు, పొడవైన నారను తెగగొట్టకుండా దంచగలిగే బీటర్‌ను తానే రూపొందించుకున్నాడు. ఆయన పేరుతో ఆ బీటర్లు ఇతర దేశాల కాగితపు స్టూడియోలకూ చేరాయి. ఆయన భార్య పాట్ టోర్లీ కూడా ఇదే మాధ్యమంలో పనిచేసే కళాకారిణి. రంగు గుజ్జులను పొరలు పొరలుగా పోసి చిత్రాలు చేస్తారు, చూసేవారికి ముందు కనిపించే పొరను అన్నిటికంటే ముందు పోసి వెనక్కి పని చేసుకుంటూ పోతారు. హేగ్ నగరాన్ని ఆనుకుని ఉన్న రైస్‌వైక్‌లో 1996లో మొదలైన హాలండ్ పేపర్ బియెన్నాలే (రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన) వెనుక ఈ ఇద్దరి కృషి ఉంది.

ఒక ప్రింట్‌మేకర్ తన బీటర్ తానే తయారుచేసుకోవడాన్ని మీరు అతని జీవితంలోని చిన్న విశేషంగా తీసుకోకండి. ఆయన కళ అంతా ఆ యంత్రం దగ్గరే మొదలైంది. కాగితపు గుజ్జును దంచే ఈ రకం బీటర్ పుట్టినది కూడా నెదర్లాండ్స్‌లోనే, 17వ శతాబ్దం చివర్లో. అందుకే నేటికీ దాన్ని హాలండర్ అంటారు. అంతకుముందు ఐరోపాలో నీటి చక్రాలతో నడిచే రోకళ్లతో పాత గుడ్డపీలికలను దంచేవారు. గాలిమరలు ఉన్న డచ్చివారు, లోహపు పలకలు బిగించిన రోలరును ఒక కోడిగుడ్డు ఆకారపు తొట్టిలో తిప్పి, దాని కిందుగా నీళ్లతో కలిసిన గుజ్జు మళ్లీ మళ్లీ ప్రవహించేలా చేశారు. రోలరుకూ, కింద ఉన్న బెడ్‌ప్లేటుకూ మధ్య దూరాన్ని పనివాడు సర్దుతాడు. దగ్గరగా దించితే నార తెగుతుంది. కాస్త ఎత్తి ఉంచి ఎక్కువసేపు తిప్పితే నార తెగకుండా నలుగుతుంది, చిట్లుతుంది, ఉబ్బుతుంది. కాగితం పనిలో నేర్పు అన్నమాటకు అర్థం ఎక్కువగా ఈ దూరం దగ్గరే ఉంది.

నార నలిగినప్పుడు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మొక్క నారలోని ప్రతి పోగూ సెల్యులోజ్‌తో చేసిన గొట్టం. దాని గోడలు ఇంకా సన్నని పోగుల కట్టలతో పొరలు పొరలుగా అల్లుకుని ఉంటాయి. దంచుతున్న కొద్దీ ఆ పొరల మధ్య పట్టు సడలి నీరు లోపలికి చొరబడుతుంది, గోడ ఉబ్బుతుంది, పైపొర చిట్లి వెంట్రుకల్లాంటి సన్నని పోగులు బయటికి లేస్తాయి. ఇలా నీటిని పట్టుకున్న పోగులు షీటుగా పేరుకుని ఆరినప్పుడు, ఒకదానినొకటి తాకిన ప్రతి చోటా హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. కాగితాన్ని కాగితంగా నిలిపేది ఈ బంధాలే, జిగురు కాదు.

ఆరేటప్పుడు ఉబ్బిన పోగు మళ్లీ సన్నబడుతుంది. పొడవులో అది 1 లేదా 2 శాతం మించి తగ్గదు కానీ, వెడల్పులో 20 శాతానికి పైగా కుంచించుకుపోతుంది. షీటులో పోగులు అడ్డదిడ్డంగా ఒకదానిపై ఒకటి పడి, కలిసిన చోటల్లా అతుక్కుని ఉంటాయి కాబట్టి, ఒక పోగు వెడల్పులో ముడుచుకుంటూ తనకు అడ్డంగా ఉన్న పోగును పొడవులో నొక్కేస్తుంది. ఇది లక్షల కూడళ్ల దగ్గర ఒకేసారి జరిగేసరికి షీటు మొత్తం ముడుచుకుంటుంది. తక్కువ దంచిన గుజ్జులో ఉబ్బు తక్కువ, కూడళ్లు తక్కువ, ముడుచుకోవడమూ తక్కువే. అవిసె నారను లేదా అబాకా అనే మొక్క నారను గంటల తరబడి దంచి, బిగించకుండా వదిలేసి ఆరబెడితే షీటు కొలత 20 శాతానికి మించి కూడా తగ్గుతుంది.

ఇది మీరు ఈరోజే మీ టేబుల్ మీద చూడవచ్చు. ఒక ట్రేసింగ్ పేపర్ ముక్కనూ, అదే కొలతలో వాటర్‌కలర్ కాగితపు ముక్కనూ తీసుకుని రెండింటినీ తడిపి, ఏ బరువూ పెట్టకుండా వదిలేయండి. వాటర్‌కలర్ కాగితం కాస్త వంపు తిరిగి సర్దుకుంటుంది. ట్రేసింగ్ పేపర్ మాత్రం అలలు అలలుగా లేచి, ఆరాక కూడా ఆ ముడతలను వదలదు. ట్రేసింగ్ పేపర్ అతిగా దంచిన గుజ్జుతో తయారైనది. పోగుల మధ్య గాలి ఖాళీలు మూసుకుపోవడం వల్లే దానికి ఆ పారదర్శకత వచ్చింది. గెంటెనార్ శిల్పాల్లో వెలుతురు అవతలి నుంచి దూరి వచ్చినట్టు కనిపించడానికీ కారణం ఇదే. పారదర్శకత, గట్టిదనం, ముడుచుకునే గుణం వేరువేరుగా కొనుక్కునేవి కావు, మూడూ ఒకే దంపుడు నుంచి వస్తాయి.

ఇప్పుడు ఆయన చేసే పని. బాగా దంచిన రంగు గుజ్జును పెద్ద వాక్యూమ్ టేబుల్ మీద పోస్తాడు. సన్నగా చీల్చిన వెదురు పుల్లలను ఆకు ఈనెల్లాగా తడి గుజ్జులో అమరుస్తాడు. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి కింది నుంచి గాలిని లాగేస్తే, వాతావరణపు ఒత్తిడే షీటును అదిమి నీటిని పిండేస్తుంది. పంపు సగం శూన్యాన్ని సాధించినా చదరపు మీటరుకు సుమారు 5 టన్నుల బరువు పెట్టినట్టు లెక్క. అంత పెద్ద షీటును ఆ స్థాయిలో అదమగల ప్రెస్సు చాలా స్టూడియోల్లో ఉండదు. తర్వాత ఆ తడి షీటును లేపి, నెమ్మదిగా ఆరనిస్తాడు. గుజ్జు ముడుచుకోవాలని లాగుతుంది, వెదురు పుల్ల పొడవులో తగ్గదు. ఈ రెండింటి మధ్య పెనుగులాటలో షీటు చదునుగా ఉండలేక పుల్లల వెంట వంగుతుంది, పుల్లలు లేని చోట లోపలికి కుంగుతుంది, అంచులు చుట్టుకుపోతాయి. పుల్లలను ఎక్కడ దట్టంగా, ఎక్కడ పలుచగా, ఏ వంపులో పెట్టాలన్నదే ఆయన గీసే గీత. ఆ తర్వాతి రూపాన్ని నీరు వదిలిపోయే తీరు తేలుస్తుంది.

దగ్గర నిలబడి ఈ ఆరడాన్ని చూసినవారికి ఇది ఎంత అందమైన విషయమో తెలుస్తుంది. మొదట చాలాసేపు ఏమీ కదలదు, షీటు తడి దుప్పటిలా బరువుగా వేలాడుతుంది. పోగుల మధ్య ఉన్న నీరు పోతున్నంతసేపూ అంతే. పోగుల గోడల్లో దాగిన నీరు పోవడం మొదలయ్యాక అంచులు ముందు బిగుసుకుంటాయి, ఎందుకంటే అవి అన్నిటికంటే ముందు ఆరతాయి. మధ్య భాగం ఇంకా తడిగా ఉండగానే అంచు చుట్టుకుని గట్టిపడుతుంది, ఎండలో ఆరేసిన అప్పడం అంచు లేచినట్టు. తర్వాత పుల్లల పక్కన సన్నని గాడులు పడతాయి. చివరికి మధ్య భాగం ఆరేటప్పుడు పెద్ద వంపులు వస్తాయి. పూర్తిగా ఆరిన షీటును గోటితో మీటితే గలగలమంటుంది. ఆ మోత రాకపోతే గుజ్జు సరిపడా దంచలేదని మేం అనుకుంటాం.

కాబట్టి సాంగానేర్ షీటు ఎందుకు పనికిరాదో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. దాని నాణ్యతను తక్కువ చేసి చెప్పడం లేదు. అక్కడి కాగ్జీ (కాగితం తయారుచేసే) కుటుంబాలది తరతరాల నైపుణ్యం, నేడు ఎక్కువగా బనియన్ గుడ్డ కత్తిరింపుల నుంచి వచ్చే నూలుతో చక్కని కాగితం చేస్తున్నారు. కానీ ఆ కాగితం రాయడానికీ, ముద్రణకూ, సంచులకూ, పెట్టెలకూ చేసినది. చదునుగా ఉండటమే దాని సుగుణం, అందుకు తగినట్టే దంచుతారు. దానికి తోడు మరో అడ్డంకి ఉంది: ఒకసారి ఆరిన సెల్యులోజ్ పోగు, మళ్లీ తడిపినప్పుడు మొదటంత ఉబ్బదు. ఆరేటప్పుడు గోడ లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, వాటిలో కొన్ని మళ్లీ విడివడవు. అందువల్ల కొన్న షీటును ఎంత నానబెట్టినా, అది మొదటిసారి ఆరినప్పుడు చూపిన బలంతో మళ్లీ ముడుచుకోదు. మీరు దాన్ని తీగ మీద వంచగలరు, అది వంగినట్టే ఉంటుంది కూడా, కానీ చూసేవారికి తీగ మీద కప్పిన కాగితంగానే కనిపిస్తుంది. ఇక ఇనుప తీగ అసలు వద్దు, తడి కాగితంలో తుప్పు మరకలు దిగుతాయి, ఆ తుప్పు కాలక్రమంలో సెల్యులోజ్‌ను కూడా తినేస్తుంది.

కొన్న కాగితంతోనే చేయాలన్న నియమం మీకుంటే, గెంటెనార్‌ను వదిలి కొరియా కళాకారుడు చున్ క్వాంగ్ యంగ్ పనిని చూడమని సలహా ఇస్తాను. 1944లో హాంగ్‌చాన్‌లో పుట్టి, సియోల్‌లోనూ తర్వాత అమెరికాలోని ఫిలడెల్ఫియాలోనూ చదివి, చాలాకాలం నైరూప్య చిత్రాలు వేసిన ఆయన, 1995 నుంచి అగ్రిగేషన్ అనే వరుసలో పనిచేస్తున్నాడు. పాత కొరియన్ పుస్తకాల నుంచి విప్పిన హాంజీ అనే చేతి కాగితంలో చిన్న చిన్న త్రికోణపు థర్మోకోల్ ముక్కలను చుట్టి, హాంజీనే పేని చేసిన దారంతో కట్టి, అలాంటి వేల పొట్లాలను ఒక్కచోట చేర్చి గోడంత ఫలకాలూ, గదిని నింపే గోళాలూ చేస్తాడు. చిన్నప్పుడు బంధువు ఒకరి మూలికా వైద్యశాలలో కప్పు నుంచి వేలాడే మందుల పొట్లాలు ఆయన మనసులో నిలిచిపోయాయట. ఆ కాగితం మీద ఎవరో ఎప్పుడో చదువుకున్న అక్షరాలు ఉంటాయి. 2022లో వెనిస్ బియెన్నాలే సమయంలో పలాజో కొంటారీని పొలిన్యాక్‌లో ఆయన పెద్ద ప్రదర్శన జరిగింది. అంతకు కొన్నేళ్ల ముందు న్యూయార్క్ బ్రూక్లిన్ మ్యూజియంలో జరిగింది.

చున్ పని సాధ్యమైనది హాంజీ గుణం వల్ల. కొరియాలో డాక్ అని పిలిచే కాగితపు మల్బరీ బెరడు పోగు సగటున 10 మిల్లీమీటర్ల దాకా పొడవు ఉంటుంది. దాన్ని సంప్రదాయ పద్ధతిలో కర్రలతో కొట్టి విడదీస్తారు తప్ప హాలండర్‌లో నలిపేయరు. అందువల్ల హాంజీ అంతగా ముడుచుకోదు, సులువుగా చిరగదు, మెత్తగా మడత పడుతుంది, పేనితే దారమవుతుంది, వందల ఏళ్లు నిలుస్తుంది. అంటే చున్‌ది తక్కువ దంచిన పొడవైన పోగు, గెంటెనార్‌ది ఎక్కువ దంచిన పోగు. ఇద్దరినీ హ్యాండ్‌మేడ్ పేపర్ కళాకారులు అనే ఒకే పేరుతో పిలుస్తున్నా, ఒకరి పదార్థంతో మరొకరి పని చేయలేరు. మనకు దగ్గరలో బెంగళూరు కళాకారుడు రవికుమార్ కాశీ గ్లాస్గోలోనూ, కొరియాలోని హాంజీ తయారీదారుల దగ్గరా ఈ విద్య నేర్చుకుని, గుజ్జుతోనే గీతలు గీసినట్టు వలల్లాంటి పెద్ద పనులు చేస్తున్నారు. వీలైతే ఆయన పనిని ఎదురుగా నిలబడి చూడండి, ఫొటోలో పోగు కనిపించదు.

మీ మనసు మాత్రం గెంటెనార్ మీదే ఉందని మీ ప్రశ్న రాసిన తీరు చెబుతోంది కాబట్టి, ఇక ఆ దారి గురించే రాస్తాను.

నార కోసం ఐరోపా వైపు చూడనక్కర లేదు. మన జిల్లాల్లో పచ్చిరొట్టగానూ, పశువుల మేతగానూ వేసే జనుము అద్భుతమైన కాగితపు నార. ఈ దేశంలో కాగ్జీలు శతాబ్దాల పాటు కాగితం చేసినది చాలావరకు పాత జనుప తాళ్లు, గోనెలు, వలలతోనే. కరీంనగర్ ప్రాంతంలోని కోరుట్లలో కూడా ఒకప్పుడు చేతి కాగితం చేసేవారు. జనుములో లిగ్నిన్ (మొక్క పోగులను గట్టిగా పట్టి ఉంచే పదార్థం) తక్కువ, పోగు పొడవు, బాగా దంచితే అవిసె నారకు దగ్గరగా ప్రవర్తిస్తుంది. అరటి నార రెండో ఎంపిక. అబాకా కూడా అరటి జాతి మొక్కే కాబట్టి, గోదావరి లంకల్లో గెల కోశాక పారేసే అరటి బోదెల నార కూడా అదే బాటలో పారదర్శకంగా, గలగలలాడే షీటునిస్తుంది. దాన్ని ఉడికించాక శుభ్రంగా కడగాలి, లేకపోతే గోధుమ మచ్చలు మిగులుతాయి. విజయనగరం, శ్రీకాకుళం వైపు దొరికే గోగునార చవక, రంగు బాగుంటుంది, కానీ అందులోనూ జనపనారలోనూ లిగ్నిన్ ఎక్కువ, పోగు 2, 3 మిల్లీమీటర్లే. వెలుతురు తగిలితే పసుపు రంగుకు తిరుగుతుంది. ఒక వారం ప్రదర్శనకు పరవాలేదు, ఎవరైనా కొని ఇంట్లో పెట్టుకునే పనికి నేను వాడను.

నారను అంగుళం లోపు ముక్కలుగా కత్తిరించి, ఒక రాత్రి నానబెట్టి, సోడా యాష్ కలిపిన నీళ్లలో ఉడికించాలి. లాగితే సులువుగా విడిపోయే దాకా ఉడకాలి, జనుముకు కొన్ని గంటలు పడుతుంది. అల్యూమినియం గిన్నె వాడకండి, క్షారం దాన్ని తినేస్తుంది. స్టీలు గిన్నె, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు, గాలి ఆడే చోటు, ఇవన్నీ తప్పనిసరి. కాస్టిక్ సోడా త్వరగా ఉడికిస్తుంది కానీ కాలేజీ వరండాలో విద్యార్థులు ఒంటరిగా వాడదగిన పదార్థం కాదు. ఉడికాక, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా, పీహెచ్ స్ట్రిప్ మామూలు నీటి రంగే చూపేదాకా కడగాలి.

బీటర్ దగ్గరే మీకు అసలు కష్టం. మిక్సీ దీనికి ప్రత్యామ్నాయం కాదు. మిక్సీ బ్లేడు నారను తెగగొడుతుంది, నలపదు, దానితో చేసిన గుజ్జు ఎంతసేపు తిప్పినా ముడుచుకునే గుణం పొందదు. రోలు రోకలితో దంచితే నార బాగానే విడుతుంది, చున్ వాడే తరహా మెత్తని కాగితం వస్తుంది, అంతే. పూర్తిగా ఉబ్బిన గుజ్జుకు హాలండర్ కావలసిందే. ఖాదీ కమిషన్ ప్రోత్సాహంతో నడిచే చేతి కాగితం యూనిట్లలో ఇవి ఉంటాయి. ముందుగా మాట్లాడుకుంటే మీ నారను దంచి ఇవ్వడానికి ఒప్పుకోవచ్చు. సాంగానేర్‌లో 1993 నుంచి ఉన్న కుమారప్ప జాతీయ చేతి కాగితం సంస్థ ఈ రంగంలో శిక్షణ కూడా ఇస్తుంది. ఎక్కడ దంచించినా ఒక మాట ముందే చెప్పాలి: రోలరును దగ్గరగా దించి గంటలో ముగించవద్దు, ఎత్తి ఉంచి నెమ్మదిగా, ఆరేడు గంటలకు తగ్గకుండా తిప్పాలి. యూనిట్‌లో ఉన్నవారికి ఇది వింతగా అనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లు ఇలాంటి గుజ్జును పాడైపోయిన గుజ్జుగా చూస్తారు. నీరు దిగదు, షీటు ఎత్తడం కష్టం, ఆరితే చుట్టుకుపోతుంది. మీకు కావలసినవి సరిగ్గా ఆ లక్షణాలే అని వివరించండి.

గుజ్జు సిద్ధమైందో లేదో గంట గంటకూ చూసుకోవాలి. ఒక గాజు సీసాలో నీళ్లు పోసి చిటికెడు గుజ్జు వేసి గట్టిగా కుదిపి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. తొలి గంటల్లో పోగులు విడివిడిగా, దారపు ముక్కల్లా కనబడతాయి. చివరికి వచ్చేసరికి మేఘంలా, అంచులు తెలియకుండా పరుచుకుని, చాలా నెమ్మదిగా అడుగుకు దిగుతాయి. చేతిలోకి తీసుకుంటే జారుడుగా, కలబంద గుజ్జులా తగులుతుంది, పిడికిలి బిగించినా నీరు సులువుగా వదలదు. ప్రతి గంటకూ కాస్త గుజ్జు తీసి చిన్న షీటు చేసి, మీద ఏమీ పెట్టకుండా ఆరబెట్టి, గంట రాసి దాచుకోండి. ఎన్ని గంటల దగ్గర మీకు కావలసిన వంపు వస్తోందో ఆ వరుస చూపించినంత స్పష్టంగా ఏ పుస్తకమూ చూపించదు.

కొలతల విషయంలో ముందే లెక్క వేసుకోండి. ఆరాక 2 మీటర్ల రూపం కావాలంటే, 20 శాతం ముడుచుకుంటుందనుకున్నా, తడి షీటు 2.5 మీటర్లు ఉండాలి. 2 చదరపు మీటర్ల షీటుకు చదరపు మీటరుకు 150 గ్రాముల చొప్పున 300 గ్రాముల పొడి నార చాలు. కానీ 1 శాతం చిక్కదనంతో పోస్తే దానికి 30 లీటర్ల గుజ్జునీళ్లు కావాలి. ఆ నీరంతా దిగడానికి గట్టి బల్ల, దానిపై చిల్లుల పలక, దానిపై సన్నని నైలాన్ మెష్, చుట్టూ చెక్క కట్టు ఉండాలి. పూర్తిస్థాయి వాక్యూమ్ టేబుల్ లేకపోయినా, నీటిని తట్టుకునే ఒక వెట్ వాక్యూమ్ క్లీనర్‌ను చిల్లుల పలక కింద మూసి ఉంచిన ఖాళీకి బిగించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి అంచులు మూసేస్తే కొంత పని జరుగుతుంది. ఒత్తిడి తక్కువ కాబట్టి ఎక్కువసేపు ఓపిక పట్టాలి. పుల్లలను గుజ్జు పోసిన వెంటనే కాక, ఒక పొర పోసి కొంత నీరు దిగాక అమర్చి, వాటిపైన రెండో పలుచటి పొర పోయండి, లేకపోతే ఆరేటప్పుడు పుల్ల కాగితం నుంచి ఊడి వస్తుంది. వెదురు బాగా పండినదై ఉండాలి, పుల్లను గాజు పేపర్‌తో నున్నగా రుద్దాలి, ముందు నీళ్లలో నానబెట్టాలి. రంగు వేయాలంటే ఆరాక పైన పూయకండి. పిగ్మెంటును గుజ్జులోనే కలిపి, అది పోగును పట్టుకునేలా రిటెన్షన్ ఏజెంట్ వేస్తే, వెలుతురు దూరినప్పుడు రంగు లోపలి నుంచి వెలుగుతుంది.

ఇక విశాఖ గాలి. మీరు అడిగిన మూడు ప్రశ్నల్లోనూ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇదే, ఎందుకంటే మీరు ఫొటోల్లో చూసిన గెంటెనార్ శిల్పాలు వేలాడినది చల్లని రాతి చర్చిలో, మీవి వేలాడబోయేది సముద్రపు ఒడ్డున. కాగితం ఎప్పుడూ చుట్టూ ఉన్న తేమతో సమతూకంలో ఉంటుంది. గాలిలో సాపేక్ష తేమ 50 శాతం ఉన్నప్పుడు కాగితంలో 6 నుంచి 8 శాతం దాకా నీరు ఉంటుంది, గాలి తేమ పెరిగితే అదీ పెరుగుతుంది. ఎక్కువ దంచిన కాగితం ఆరేటప్పుడు ఎంత ఎక్కువ ముడుచుకుంటే, తేమకు అంత ఎక్కువగా స్పందిస్తుంది, కాబట్టి వంపులు కాస్త సడలి మళ్లీ బిగుసుకుంటూ ఉంటాయి. రూపం పూర్తిగా కూలిపోదు, పోగుల మధ్య బంధాలు తేమకు విడిపోవు, నీళ్లు నేరుగా తగిలితేనే ప్రమాదం. 65, 70 శాతం తేమ దాటి రోజుల తరబడి ఉంటే మాత్రం బూజు పట్టే అవకాశం ఉంది, విశాఖలో ఏడాదిలో చాలా భాగం అలాగే ఉంటుంది.

అందుకని మూడు జాగ్రత్తలు చెబుతాను. షీట్లు చేసి ఆరబెట్టే పనిని డిసెంబర్, ఫిబ్రవరి నెలల మధ్య పెట్టుకోండి. నెమ్మదిగా ఆరనివ్వాలన్నది నిజమే కానీ మూడు రోజులకు మించి తడిగా ఉంటే బూజు మొదలవుతుంది, కాబట్టి దూరంగా ఫ్యాన్ పెట్టి గదిలో గాలి తిరిగేలా చూడండి, ఫ్యాన్ గాలి షీటుకు నేరుగా తగిలితే ఒక వైపే ఆరి వికారంగా మెలిపడుతుంది. గుజ్జులోనే ఏకేడీ అనే సైజింగ్ రసాయనం కొద్దిగా కలిపితే నీటి చుక్కలను కాగితం త్వరగా పీల్చదు. పటిక, రోజన్ (చెట్టు బంక నుంచి వచ్చే పదార్థం) కలిపే పాత పద్ధతి వద్దు, దాని ఆమ్లం కాగితాన్ని కొన్నేళ్లలో పెళుసుగా మారుస్తుంది. అదే సమయంలో కొంచెం కాల్షియం కార్బొనేట్ పొడి కూడా కలిపితే గాలిలోని ఆమ్లాలను అది తట్టుకుంటుంది. అతుకులకు గంజి, మైదా వాడకండి, వాటి కోసం వెండిచేపలూ బొద్దింకలూ వస్తాయి. మిథైల్ సెల్యులోజ్ జిగురు చాలు.

వేలాడదీయడంలో బరువు సమస్య కాదు. పై లెక్క ప్రకారం మనిషి ఎత్తు రూపం కూడా పుల్లలతో కలిపి అర కిలో లోపే ఉంటుంది. సమస్య గాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ అది తిరుగుతుంది, పక్కదాన్ని తాకుతుంది, అంచు చిట్లుతుంది. ఒక్కో రూపానికి కనీసం రెండు చోట్ల నైలాన్ దారం కట్టండి, కాగితానికి కాక లోపలి వెదురు పుల్లకు కట్టండి, రెండు రూపాల మధ్య చేయి చాచినంత దూరం ఉంచండి. దీపాలు ఎల్‌ఈడీవే వాడి కనీసం మీటరు దూరంలో పెట్టండి. జనం వచ్చే హాలు కాబట్టి కాలేజీ వారు అగ్ని భద్రత గురించి అడుగుతారు, అడగాలి కూడా. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని పలుచగా చిమ్మితే మంట అంత సులువుగా పాకదు. కానీ ఏ తడి చల్లినా ఈ కాగితం మళ్లీ కదులుతుంది కాబట్టి, పూర్తయిన శిల్పం మీద కాక ముందుగా చేసుకున్న గంట గంటా షీట్ల ముక్కల మీద చల్లి, ఆరబెట్టి, బయట సిమెంటు నేల మీద ఒకరు నీళ్ల బకెట్‌తో పక్కన ఉండగా అగ్గిపుల్ల వెలిగించి పరీక్షించండి. వంపు ఎంత మారింది, రంగు మారిందా, మంట ఎంతదూరం పాకింది అన్నవి రాసుకున్నాకే పెద్ద రూపాలకు వాడాలో వద్దో తేల్చుకోండి.